చెకిన్ మా పని ఎప్పుడయింది?

మా ఇంట్లో ఎవరు విమానం ఎక్కినా చెకిన్ డ్యూటీ నాది. ఎవరూ అప్పగించింది లేదు, అలా వచ్చి నెత్తిన పడింది. పెద్దనాన్న వాళ్ళు కాశీ వెళ్ళినా, పిన్ని వాళ్ళు బెంగళూరులో మనవడి బారసాలకి బయల్దేరినా ముందు నా వాట్సాప్‌కి టికెట్ ఫొటో వస్తుంది. అందులో పీఎన్ఆర్ ఉన్న మూలే తెగిపోయి ఉంటుంది. వెనకాలే పిన్ని వాయిస్ మెసేజ్: "అమ్మాయ్, కాస్త చెకిన్ చేసి పెట్టవే. బాబాయికి కిటికీ పక్కన కావాలట. డబ్బులేవీ కట్టకు."

చెకిన్ చేస్తాను పిన్నీ. కానీ కిటికీ పక్కన సీటు రావడం, డబ్బులు కట్టకపోవడం రెండూ ఒకేసారి కుదిరే రోజులు పోయాయి.

అసలు చెకిన్ అంటే ఏమిటి? టికెట్ కొన్న మనిషి వచ్చాడు, ఫలానా సీట్లో కూర్చుంటాడు, ఇంత సామాను వేస్తున్నాడు అని విమాన సంస్థ తన లెక్కల్లో రాసుకోవడం. అది వాళ్ళ పని. హైదరాబాద్ విమానాశ్రయం బేగంపేటలో ఉన్న రోజుల్లో కౌంటర్లో అమ్మాయి "విండోనా, ఐలా (నడవా పక్కనా)?" అని అడిగి, ఉంటే ఇచ్చేది, లేకపోతే లేదనేది. అడిగినందుకు ఛార్జీ లేదు. 2008 మార్చిలో శంషాబాద్‌కి మారాక కూడా చాలాకాలం అంతే. ఇంట్లోంచే ఇంటర్నెట్‌లో చేసుకునే వెబ్ చెకిన్ ఉండేది గానీ, కావలసినవాళ్ళు చేసుకునేవారు. భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు తప్ప మరేమీ లేని ఆఫీసు జనానికి అది నిజంగా సుఖం. ఇప్పటికీ సుఖమే, ఆఫీసు పని మీద ఒక్కదాన్నే వెళ్ళేటప్పుడు నేనూ అదే వాడతాను. నా గొడవ దాని మీద కాదు.

2020 మే 25న లాక్‌డౌన్ తర్వాత దేశీయ విమానాలు మళ్ళీ మొదలైనప్పుడు వెబ్ చెకిన్ తప్పనిసరి చేశారు. మనిషికి మనిషి తగలకూడదని. న్యాయమే, అప్పుడెవరూ కాదనలేదు. కరోనా పోయింది, ఈ అలవాటు మాత్రం పోలేదు. పోకపోతే పోయింది, కౌంటర్‌కి వెళ్ళి బోర్డింగ్ పాస్ అడిగినవాళ్ళ దగ్గర కొన్ని సంస్థలు రూ.200 గుంజడం కూడా మొదలుపెట్టాయి. టికెట్ కొన్నాక విమానం ఎక్కే కాగితానికి మళ్ళీ రేటు! చివరికి 2022 జూలైలో పౌర విమానయాన శాఖ కలగజేసుకుని, అలా వసూలు చేయడం 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌కి విరుద్ధమని చెప్పాల్సి వచ్చింది. ఈ సంగతి మా చుట్టాల్లో ఒక్కరికీ తెలియదు. "ముందే చేసుకోకపోతే ఎయిర్‌పోర్టులో ఫైనేస్తారటగా" అని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు.

ఆ భయం పోగొట్టే తొందర సంస్థలకి ఎందుకుంటుంది? దాని మీదే కదా వ్యాపారం నడిచేది.

వెబ్ చెకిన్ పేజీ ఒకసారి నింపాదిగా చూడండి. పీఎన్ఆర్ కొట్టగానే విమానం బొమ్మ వస్తుంది. ముందు వరుసలు ఒక రంగు, కాళ్ళు చాపుకునే వరుసలు ఒక రంగు, మధ్యలో ఇంకేదో రంగు. ప్రతి గడికీ ఒక ధర. వందల్లో మొదలై వెయ్యి దాటిపోతుంది. ఫ్రీ సీటు ఎక్కడుందో మనమే వెతుక్కోవాలి. దొరికితే చివర్న, టాయిలెట్ దగ్గర్లో, అదీ మధ్య సీటు. ఎయిర్‌బస్ ఏ320లో మన దగ్గర 180కి అటూఇటూ సీట్లుంటాయి, నడవాకి అటు మూడు, ఇటు మూడు. అంటే మూడో వంతు మధ్య సీట్లే. ఎవరూ కోరుకోని ఆ మూడో వంతు మనకి ధర్మం.

ఏ సీటూ ఎంచుకోకుండా ముందుకెళ్ళే దారి కూడా ఉంటుంది. పేజీ అడుగున బూడిద రంగులో, చీమ తలకాయంత అక్షరాలతో "స్కిప్" అని. డబ్బు కట్టే బటనేమో స్క్రీను ఈ చివర నుంచి ఆ చివర దాకా మెరుస్తుంటుంది. సరే, ఆ స్కిప్‌ని పట్టుకుని నొక్కామే అనుకోండి, అక్కడితో వదలదు. "మీరు, మీతో ఉన్నవాళ్ళు విడివిడిగా కూర్చోవలసి రావచ్చు, పరవాలేదా?" అంటూ ఇంకో పెట్టె తెరుచుకుంటుంది. మోకాళ్ళ నొప్పులతో, జీవితంలో మొదటిసారి విమానం ఎక్కబోతున్న పెద్దమ్మ ఈ ప్రశ్న చదివితే ఏం చేస్తుంది? పర్సు తీస్తుంది. ఆ పేజీ తయారుచేసినవాడికి ఆ సంగతి మనకంటే బాగా తెలుసు.

ఇంకో వినోదం చెప్పనా. మన రాజమండ్రి, కడప లాంటి ఊళ్ళకి తిరిగే ఏటీఆర్ విమానాల్లో మధ్య సీటే ఉండదు, అటు రెండు, ఇటు రెండు. జనం ఎక్కేదీ దిగేదీ వెనక తలుపు నుంచి. తెలియక ముందు వరుస సీటు డబ్బులిచ్చి కొనుక్కున్నవాడు అందరికన్నా ఆఖర్న దిగుతాడు. ఈ ముక్క ఆ సీటు బొమ్మ పక్కన ఎక్కడైనా రాశారేమో చూడండి.

రూల్స్ లేవా అంటే ఉన్నాయి. సీటు ఎంపిక, భోజనం లాంటివి ప్రయాణికుడు కావాలంటేనే అమ్మాలి, వాటంతటవే బిల్లులో తగిలించకూడదు అని విమాన సంస్థల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ ఎప్పుడో చెప్పింది. పన్నెండేళ్ళ లోపు పిల్లల్ని ఒకే పీఎన్ఆర్ మీద ఉన్న అమ్మానాన్నల్లో, పెద్దవాళ్ళలో కనీసం ఒకరి పక్కన కూర్చోబెట్టాలని 2024 ఏప్రిల్‌లో మళ్ళీ చెప్పింది. నాలుగేళ్ళ పిల్లాడిని తల్లి పక్కన కూర్చోబెట్టండయ్యా అని ఒక ప్రభుత్వ సంస్థ కాగితం మీద రాసి పంపాల్సిన గతి పట్టింది. పంపినా, "విడివిడిగా కూర్చోవలసి రావచ్చు" అనే ఆ పెట్టె చంటిపిల్లల తల్లికీ వస్తుంది. రూలు తెలిసిన తల్లి నవ్వుకుంటుంది, తెలియని తల్లి కడుతుంది.

సీట్ల సంగతి సరే, అసలు ఆ పేజీ లోపలికి వెళ్ళడమే మన తెలుగువాళ్ళకి ఒక పరీక్ష. పీఎన్ఆర్‌తో పాటు "లాస్ట్ నేమ్" కొట్టమంటుంది. మన ఇంటిపేరు ముందుంటుందాయె. బాబాయి పేరు ఆధార్‌లో పొడి అక్షరాలతో ఒక రకంగా, పాన్ కార్డులో పూర్తిగా ఒక రకంగా ఉంది. టికెట్ తీసిన ట్రావెల్స్ కుర్రాడు ఏది కొట్టాడో వాడికే తెలియాలి. ఇంటిపేరు కొడితే "బుకింగ్ దొరకలేదు" అంటుంది. అసలు పేరు కొట్టినా అదే మాట. చివరికి ఉత్త "రావు" అని కొడితే తెరుచుకుంది! వెంకటేశ్వరరావులో రావుని విడగొట్టి ఇంటిపేరు చేసేశాడు మహానుభావుడు. "మనం రావుగారి వంశమా?" అని బాబాయి ఇంకా ఏడిపిస్తున్నాడు.

గల్ఫ్‌కి వెళ్ళేవాళ్ళకి ఈ పేరు గొడవ నవ్వులాట కాదు. 2022 నవంబరులో యూఏఈ, పాస్‌పోర్టులో ఒకటే పేరు ఉంటే విజిట్ వీసా మీద రానివ్వమని చెప్పింది. తర్వాత పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే చాలని సడలించారు. అప్పు చేసి టికెట్ కొనుక్కుని, జగిత్యాల నుంచో కోనసీమ నుంచో రాత్రంతా ప్రయాణం చేసి వచ్చినవాడికి ఇలాంటివి ఎక్కడ తెలుస్తాయి? చెకిన్ కౌంటర్ ముందు. అందుకే విదేశీ ప్రయాణాల్లో కౌంటర్ దగ్గర క్యూ ఉంటే నేను విసుక్కోను. వీసా సరిగ్గా లేని మనిషిని తీసుకెళ్తే అవతలి దేశం విమాన సంస్థకే జరిమానా వేస్తుంది కాబట్టి అక్కడివాళ్ళు ప్రతి కాగితం తిప్పి చూస్తారు. అక్కడ కౌంటర్‌కి పనుంది. వెబ్ చెకిన్ చేసుకున్నా చాలా సందర్భాల్లో మళ్ళీ వాళ్ళకి పాస్‌పోర్టు చూపించి తీరాలి.

ఇక దేశీయ టెర్మినల్ సంగతి. ఇంట్లో కూర్చుని ఇంత భాగవతం నడిపాక ఎయిర్‌పోర్టులో ఏమైనా కలిసొస్తుందా అంటే, చేతి సంచీతో పోయేవాడికి కలిసొస్తుంది. సూట్‌కేసున్నవాడికి? "బ్యాగ్ డ్రాప్" అని బోర్డున్న క్యూ. వెబ్ చెకిన్ చేసినవాళ్ళు, చేయనివాళ్ళు అందరూ అందులోనే. సంక్రాంతి ముందు రోజుల్లో ఆ తాడు కంచెల మధ్య మెలికలు తిరుగుతూ నిలబడినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కాస్త ముందుకెళ్ళగానే సంస్థ టీ షర్టు వేసుకున్న కుర్రాడొచ్చి "సార్, కియోస్క్‌లో ట్యాగ్ తీసుకుని రండి" అని పక్కనున్న మెషీను చూపిస్తాడు. అంటే సీటు మనమే చూసుకున్నాం, పాస్ మనమే తీసుకున్నాం, ఇప్పుడు ట్యాగ్ కూడా మనమే ప్రింటు తీసుకుని మనమే అంటించాలి. ఆ స్టిక్కరు వెనక కాగితం ఎక్కడి నుంచి ఊడదీయాలో అర్థం కాక పిన్ని దాన్ని తన పట్టుచీర కొంగుకే అంటించేసుకుంది ఒకసారి. ఆ కుర్రాడిని మాత్రం ఏమనకండి. పది మంది చేసే పని వాడొక్కడి మీద వేశారు, అటు మనం తిడతాం, ఇటు సూపర్‌వైజర్ తిడతాడు.

ఆ తర్వాత త్రాసు. పదిహేను కిలోలు. ఇంట్లో కొక్కెం త్రాసుతో తూచినప్పుడు పద్నాలుగున్నర ఉన్న పెట్టె ఇక్కడ పదహారు చూపిస్తుంది. కౌంటర్ ముందే నేల మీద పెట్టె తెరిచి, ఆవకాయ డబ్బా పైకి తీసి, దుప్పటి భుజాన వేసుకుని, అరిసెల డబ్బా ఎవరి చేతి సంచీలోకి పోతుందో తేల్చుకునే కుటుంబ సమావేశం నడుస్తుంది. చేతి సామానుకి మళ్ళీ ఏడు కిలోల లెక్క. పైగా ఎండు కొబ్బరి పెట్టెలో వేయనివ్వరు, నూనె ఎక్కువ, దానంతటదే వేడెక్కి అంటుకునే ప్రమాదముంది కాబట్టి. నిబంధన మంచిదే. వెబ్ చెకిన్‌లో నిషిద్ధ వస్తువుల పేజీలో బొమ్మలతో సహా చూపిస్తారు కూడా. కానీ ఆ పేజీ చూసి టిక్కు పెట్టేది ఇక్కడ నేను, పెట్టె సర్దేది తెనాలిలో పెద్దమ్మ. పవర్ బ్యాంకు పెట్టెలో వేయకూడదని, చేతి సంచీలోనే ఉంచుకోవాలని ఆవిడకి ఫోన్లో చెప్పడం కూడా నా డ్యూటీలోకే వచ్చింది.

ఈ హంగామా అంతా కంప్యూటర్ బతికున్నంతసేపే. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రత కంపెనీ అప్‌డేట్ ఒకటి ప్రపంచమంతా విండోస్ కంప్యూటర్లని పడుకోబెట్టింది గుర్తుందా? ఆ రోజు శంషాబాద్‌లో సిబ్బంది పెన్ను పట్టుకుని బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్ళే ఒకాయన తన చేతిరాత పాస్ ఫొటో పెడితే దేశమంతా తిరిగింది. ఆలస్యాలైతే అయ్యాయి, విమానాలు కొన్ని రద్దయ్యాయి. ఎక్కగలిగినవాళ్ళు మాత్రం పేరు, సీటు నెంబరు రాసిన ఆ ముక్క పట్టుకునే ఎక్కారు. అవసరం పడితే మనుషులు చేయగలరు, చేశారు కూడా.

కాబట్టి మా వాళ్ళకి నేను చెబుతున్నది ఇది, మీ వాళ్ళకి మీరూ చెప్పండి. పెట్టె ఉన్నవాళ్ళు, పక్కపక్కన కూర్చోవడం కోసం డబ్బు కట్టడం ఇష్టం లేనివాళ్ళు, కాస్త ముందుగా బయల్దేరి నేరుగా కౌంటర్‌కి వెళ్ళండి. దేశీయ విమానాలకి చాలావరకు గంట ముందే కౌంటర్ మూసేస్తారు, ఆఖరి నిమిషంలో పరిగెత్తకండి. బోర్డింగ్ పాస్ ఊరికే ఇవ్వాలి, ఎవరైనా డబ్బడిగితే 2022 నాటి మాట గుర్తు చేయండి. "అమ్మా, మేమిద్దరం పెద్దవాళ్ళం, పక్కపక్కన చూడు తల్లీ" అని నోరు తెరిచి అడగండి. ఇస్తారా అంటే హామీ లేదు, కానీ స్క్రీనుకి లేని కనికరం మనిషికి ఉండొచ్చు. ఇక సీట్లకి మించి టికెట్లు అమ్మిన రోజు సంగతంటారా, సమయానికి వచ్చి, కన్ఫర్మ్ టికెట్ చేతిలో ఉన్నా ఎక్కనివ్వకపోతే డీజీసీఏ నిబంధన ప్రకారం పరిహారం వస్తుంది. గంటలోపు బయల్దేరే ఇంకో విమానంలో పంపిస్తే ఏమీ రాదు. 24 గంటల్లోపు పంపిస్తే ఒకవైపు బేసిక్ ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తానికి రెండింతలు, రూ.10,000 మించకుండా. అదీ దాటితే నాలుగింతలు, రూ.20,000 మించకుండా. ఈ ముక్క టికెట్ అడుగున ఎవరూ పెద్దక్షరాలతో వేయరు.

పౌర విమానయాన శాఖకీ మన తెలుగు నేలకీ చుట్టరికం ఉంది. 2014 నుంచి 2018 దాకా విజయనగరం అశోక్ గజపతి రాజు గారు మంత్రి, 2024 జూన్‌లో శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు గారికి అదే శాఖ వచ్చింది. హవాయి చెప్పులేసుకున్నవాడు కూడా విమానం ఎక్కాలని ప్రధాని చెబుతూ ఉడాన్ పథకం విమానాలు మొదలుపెట్టింది 2017 ఏప్రిల్లో. ఆ మొదటి రోజు విమానాల్లో మన కడప, హైదరాబాద్ మధ్యదీ ఒకటి. ఆ హవాయి చెప్పులాయన ఇప్పుడు ఎక్కుతున్నాడు మంత్రిగారూ. కాకపోతే చెకిన్ పేజీ ముందు కూర్చుని, ఏది కట్టాలో ఏది అక్కర్లేదో తెలియక, కూతురికి ఫోన్ చేస్తున్నాడు. ఫ్రీ సీట్లు ముందు చూపించి, కొనేవి ఆ తర్వాత చూపించమనండి. కౌంటర్‌లో పాస్ ఊరికే ఇస్తారని ఆ పేజీ మీదే తెలుగులో ఒక లైను వేయించండి. అవన్నీ పెద్ద పనులు, టైం పడుతుంది అంటారా, ముందు ఆ స్కిప్ బటన్‌ని డబ్బు కట్టే బటనంత సైజులో పెట్టించండి.