గెడ్డను గీయాల్సింది తెర మీదా, గట్టు మీదా?

విశాఖలో వాన నీళ్లు ఎటు పోతాయో చూపే గెడ్డల (వాగుల) మ్యాప్‌కు ఉపగ్రహ డేటా ఒక్కటే చాలా? చాలంటోంది జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులు గీసే విద్య) చదువుతున్న మేనకోడలు. కుదరదంటున్నాడు సర్వేయర్‌గా పనిచేసి రిటైరైన మేనమామ.

మేనకోడలు: 2000 ఫిబ్రవరిలో అమెరికా షటిల్ రాడార్‌తో కొలిచిన నేల ఎత్తులు ఇవాళ ఎవరికైనా ఉచితమే మావయ్యా. 30 మీటర్లకో గడి, గడికో ఎత్తు. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో పెడితే, ప్రతి గడీ చుట్టూ ఉన్న 8 గడుల్లో వాలు ఎక్కువున్న వైపు నీళ్లు పంపుతుంది. సింహాచలం కొండ మీంచి మేఘాద్రి గెడ్డ దాకా ధారలన్నీ ఒక్క పూటలో వచ్చేస్తాయి.

మేనమామ: 30 మీటర్ల గడిలో 4 మీటర్ల గెడ్డ ఏం కనిపిస్తుందమ్మా? పైగా ఆ రాడార్‌కు ఇంటి కప్పూ నేలే, చెట్టు కొమ్మా నేలే. ఎత్తులో 16 మీటర్ల దాకా తేడా ఉండొచ్చని పెట్టుకున్న కొలమానం అది. సముద్రం పక్క పల్లపు పేటల్లో అర మీటరే ఇళ్లు మునుగుతాయో లేదో తేలుస్తుంది.

మేనకోడలు: పక్కపక్క గడుల మధ్య అంత తేడా రాదు. నీళ్లకు కావలసింది వాలే కదా?

మేనమామ: వాలే అనుకుందాం. హైవే కట్ట అడ్డొస్తే? కట్ట కింద నీళ్లు పోయే కల్వర్టు ఉంటుంది, అది పైనుంచి కనబడదు. నీ కంప్యూటర్ కట్టను ఆనకట్ట అనుకుని నీళ్లను పక్కకు మళ్లిస్తుంది. అటువైపు ఇళ్లవాళ్లకు లేని ముప్పు చూపిస్తావు, అసలు మునిగేవాళ్లను వదిలేస్తావు. ఇదే నాకు టెన్షన్.

మేనకోడలు: కల్వర్టు ఉన్న చోట గడుల ఎత్తు తగ్గించి దారి తెరవొచ్చు.

మేనమామ: ఉందని నీకెవరు చెప్తారు? నడిచి చూసినవాడేగా!

మేనకోడలు: సరే, కల్వర్టులు నడిచే చూడాలి, ఒప్పుకుంటాను. కానీ ఊరంతా ఏటేటా నడవగలరా? సెంటినెల్-2 జంట ఉపగ్రహాలు 5 రోజులకోసారి 10 మీటర్ల వివరంతో ఫొటో ఇస్తాయి. మబ్బు పట్టినా సెంటినెల్-1 రాడార్ నిలిచిన నీళ్లను చూస్తుంది. చెరువు ఏ ఏడు ఎంత కుదించుకుపోయిందో పాత బొమ్మల్లో దొరుకుతుంది. పొలాల హద్దుల కొలతలుండే మీ సర్వే పుస్తకం ఎఫ్ఎంబీలో ఆ కదలిక ఎక్కడుంది?

మేనమామ: లేదు. కానీ గెడ్డకు హద్దు ఎక్కడుండేదో అందులోనే ఉంది. ఆక్రమణ అని తేల్చాలంటే ఆ హద్దే కావాలి, ఉపగ్రహం ఫొటో కాదు.

మేనకోడలు: అయితే గ్రామ నక్షాను స్కాన్ చేసి నేలకు అతికిద్దాం. పాత గుడి, బావి, రోడ్ల కూడలి లాంటి గుర్తులకు జీపీఎస్ తీసుకుంటే కూర్చుంటుంది. కొలతలకు మాత్రం భూమిని మండలాలుగా విడదీసి మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో మన 44 ఉత్తర మండలమే వాడాలి. ఆన్‌లైన్ మ్యాపులు గుండ్రటి భూమిని చదును చేసి చూపే మెర్కేటర్ పద్ధతిలో అలాగే కొలిస్తే మన అక్షాంశం దగ్గర పొడవు సుమారు 5 శాతం, విస్తీర్ణం 10 శాతం ఎక్కువొస్తాయి.

మేనమామ: కూర్చోపెట్టు. కానీ సర్వే రాళ్లు చాలాచోట్ల పోయాయి. మూడు గుర్తులతో సరిపెట్టకు, ఊరి నాలుగు మూలలా తీసుకో. ప్రతి గీత పక్కనా ఎవరు చూశారు, ఏ నెలలో చూశారు రాయి. మేలో ఎండిన గెడ్డ అక్టోబరులో అలా ఉండదు.

మేనకోడలు: రెండు కాలమ్‌లు పెడతాను. చూడని గీతలకు చుక్కల గీత వేస్తాను.

మేనమామ: చుక్కల గీతలు ఎక్కువైతే ఆ మ్యాప్ అధికారుల చేతికి ఇవ్వకు.

మేనకోడలు: ఇస్తాను మావయ్యా. ఎక్కడ నడవాలో వాళ్లకు తెలిసేది ఆ చుక్కలతోనే.