మూడో డివిజన్ చూస్తే నవ్వొస్తుందా బావగారూ?

ఇప్పుడే జరిగింది. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, అక్షర దోషాలుంటే సర్దుకుని చదవండి.

ల్యాప్‌టాప్‌లో పురుషుల ప్రపంచ ఐస్ హాకీ చాంపియన్‌షిప్ మ్యాచ్ పెట్టుకుని కూర్చున్నా. మూడో డివిజన్, బి గ్రూపు. మా బావగారు కాఫీ కప్పు పట్టుకుని వెనక వచ్చి నిలబడ్డారు. స్టాండ్స్‌లో మహా అయితే వంద మంది. ఉన్నది ఒకటే కెమెరా, పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) ఇటు పోతే అది అటు తిరుగుతుంది. స్కోరు తేడా అప్పటికే రెండంకెలకి చేరింది. గోలీ (గోల్‌కీపర్) పాపం పదమూడోసారో పద్నాలుగోసారో నెట్‌లోంచి పక్ తీసి రిఫరీకి ఇస్తున్నాడు. అదిగో, సరిగ్గా అప్పుడే ఆయన నోరు విప్పారు.

"ప్రపంచ చాంపియన్‌షిప్ అంటే ఇదేనా? ఈ సంగతి ప్రపంచానికి తెలుసా?"

అక్కడితో ఆగితే ఊరుకునేవాణ్ణి. కాఫీ ఒక గుక్క తాగి, "వీళ్లకంటే నేనే నయం, కనీసం పడిపోకుండా నిలబడతా" అన్నారు. స్కేట్స్ వేసుకుని మంచు మీద నిలబడటం! బాత్రూంలో చెప్పులు లేకుండా నడవడానికి భయపడే మనిషి!

సరే, వివరంగా చెబుదామని కూర్చోబెట్టా. నాదే తప్పు. వినాలని లేనివాడికి చెప్పడం మొదలుపెట్టాక మనకే లోకువ.

పైన 16 జట్లు. ఎనిమిదేసి చొప్పున రెండు గ్రూపులు. టీవీలో వచ్చేది, పేపర్లో పడేది, బావగారి దృష్టిలో 'ప్రపంచం' అనిపించుకునేది ఆ 16 మాత్రమే. దాని కింద మొదటి డివిజన్‌లో ఎ, బి. దాని కింద రెండో డివిజన్‌లో ఎ, బి. ఆ కింద మూడో డివిజన్‌లోనూ ఎ, బి. అట్టడుగున నాలుగో డివిజన్. ఏటా గ్రూపులో గెలిచినవాడు ఒక మెట్టు ఎక్కుతాడు, ఆఖరున ఉన్నవాడు ఒక మెట్టు జారతాడు. మొదటి డివిజన్ ఎ నుంచి మాత్రం ఇద్దరు పైకి వెళతారు, పై నుంచి ఇద్దరు కిందకి వస్తారు. అచ్చం వైకుంఠపాళి. కాకపోతే ఇక్కడ పాచికలు ఉండవు, పళ్లు రాలతాయి.

లెక్క వేయండి. నాలుగో డివిజన్‌లో ఉన్న జట్టు పై 16లోకి రావాలంటే ఏడు మెట్లు. మెట్టుకి ఏడాది. ప్రతి ఏడాదీ గ్రూపులో మొదటి స్థానంలో వస్తూనే ఉండాలి (ఆఖరి మెట్టుకి మాత్రం రెండో స్థానమైనా చాలు), ఒక్కసారి కూడా తడబడకూడదు, అప్పటికి ఏడేళ్లు. ఆఫీసులో ఒక్క ప్రమోషన్ ఏడాది ఆలస్యమైతే పండగ పూట కూడా మొహం వేలాడేసుకున్న మనిషి మా బావగారు. వీళ్లకి వరసగా ఏడు ప్రమోషన్లు కావాలి!

2022లో బిష్కెక్‌లో తొలిసారి నాలుగో డివిజన్ పెట్టారు. కిర్గిజ్‌స్థాన్, ఇరాన్, కువైట్, సింగపూర్, మలేషియా. సింగపూర్‌లో, మలేషియాలో మంచు ఎక్కడుంటుంది చెప్పండి, రింక్‌లో ఏసీ పెట్టి గడ్డకట్టిస్తే తప్ప. అయినా ఆడుతున్నారు. ఈ అడుగు డివిజన్లలో ఆడేవాళ్లు ఉద్యోగాలకి సెలవు పెట్టి, కొన్నిసార్లు చేతి డబ్బులు పెట్టుకుని వస్తారు. ఓడిపోయి సోమవారం మళ్లీ డ్యూటీకి వెళతారు. ఇంకో మాట మీ చెవిన వేస్తా. పై డివిజన్‌కి వచ్చే పెద్దపెద్ద స్టార్లు ఎవరనుకున్నారు? ఈ టోర్నీ జరిగేది మే నెలలో. అదే సమయంలో అమెరికా, కెనడాల్లో ఎన్‌హెచ్‌ఎల్ (అక్కడి ప్రొఫెషనల్ లీగ్) స్టాన్లీ కప్ ప్లేఆఫ్స్ నడుస్తూ ఉంటాయి. అక్కడ గెలుస్తున్నవాడు ఇక్కడికి రాలేడు. ఏ జట్టు ముందే ఇంటిదారి పట్టిందో ఆ జట్టువాళ్లే "ఖాళీయే కదా, వస్తాం" అని విమానం ఎక్కుతారు. అంటే పైన ఆడేది వేరేచోట పని అయిపోయి వచ్చినవాళ్లు, కింద ఆడేది పని మానుకుని వచ్చినవాళ్లు. మరి నవ్వాల్సింది ఎవర్ని చూసి?

ఇదంతా చెప్తే బావగారు ఫోన్ తీసి ఏదో వెతికారు. వెతికి, పెద్ద నిధి దొరికినట్టు, "ఇదిగో, 58-0 అట!" అని చూపించారు.

అవును, 58-0. 1987లో పెర్త్‌లో ఆస్ట్రేలియా న్యూజిలాండ్‌ని అలా ఓడించింది. పురుషుల ప్రపంచ చాంపియన్‌షిప్‌లో అంత తేడా ఇంకెప్పుడూ రాలేదు. ఐస్ హాకీ అంటే తెలియని ప్రతివాడికీ ఈ ఒక్క స్కోరు మాత్రం ఎలాగో తెలుస్తుంది! అరవై నిమిషాల ఆటలో 58 గోల్స్ అంటే నిమిషానికి దాదాపు ఒకటి. నవ్వొస్తుంది, ఒప్పుకుంటా, నాకూ వచ్చింది. కానీ న్యూజిలాండ్ ఆట మానేసిందా? ఇప్పటికీ ఆడుతోంది.

అయితే అసలు స్కోరు అది కాదు. నేను మీకు ఇంకొకటి చెప్తా, జాగ్రత్తగా వినండి.

47-0. 1949, స్టాక్‌హోమ్. కెనడా చేతిలో డెన్మార్క్. ఆ తర్వాత డెన్మార్క్ పై స్థాయిలో మళ్లీ కనబడింది ఎప్పుడో తెలుసా? 2003లో. యాభై నాలుగేళ్లు! ఒక తరం పుట్టి, పెరిగి, ఆడి, రిటైరై, మనవళ్లని రింక్‌కి తీసుకెళ్లేంత కాలం. ఆ యాభై నాలుగేళ్లూ కింద ఏ మూల ఆడారో, ఎవరు చూశారో? అక్కడా వంద మందే ఉండి ఉంటారు. అక్కడా ఎవరి బావగారో కాఫీ కప్పు పట్టుకుని వెనక నిలబడే ఉంటారు. 2003లో పైకి వచ్చీ రాగానే అమెరికాని కొట్టారు, కెనడాతో 2-2 డ్రా చేసుకున్నారు. ఆ తర్వాత 2025లో హెర్నింగ్‌లో, సొంత గడ్డ మీద క్వార్టర్‌ఫైనల్, ఎదురుగా మళ్లీ కెనడా. సిడ్నీ క్రాస్‌బీ ఉన్నాడు, నేథన్ మెకినన్ ఉన్నాడు, ఇద్దరూ ఎన్‌హెచ్‌ఎల్ మహా స్టార్లు. ఆట అయిపోవస్తోంది, డెన్మార్క్ 0-1తో వెనకబడి ఉంది. ఇంకో రెండు నిమిషాల చిల్లర ఉండగా నికొలాయ్ ఎలర్స్ సమం చేశాడు. ఇంకో నిమిషం కూడా లేదనగా నిక్ ఓలెసన్ కొట్టాడు. 2-1. కెనడా ఇంటికి!

ఆ రాత్రి నేను కుర్చీ ఎక్కి అరిచాను. మా అక్క దొంగలు పడ్డారనుకుని లైటు వేసింది. 47-0 నుంచి 2-1కి రావడానికి 76 ఏళ్లు పట్టింది బావగారూ. మీరు ఒక నిమిషం చూసి నవ్వేశారు.

బ్రిటన్ సంగతి తీసుకోండి. 1936 ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన దేశం. జారీ జారీ చివరికి మొదటి డివిజన్ బి దాకా దిగింది. 2017లో అక్కడ గెలిచి ఎ గ్రూపులోకి వచ్చింది. 2018లో బుడాపెస్ట్‌లో ఆఖరి మ్యాచ్ హంగరీతో, అదీ హంగరీ సొంత ప్రేక్షకుల మధ్య. ఒక్క పాయింటు వస్తే చాలు. మామూలు సమయంలో గెలిస్తే మూడు పాయింట్లు, ఓవర్‌టైమ్‌లోనో షూటౌట్‌లోనో గెలిస్తే రెండు, అలా ఓడినా ఒకటి ఇస్తారు. 2-1తో వెనకబడి ఉన్నారు, ఇంకా 16 సెకన్లు కూడా లేవు. రాబర్ట్ ఫార్మర్ గోల్ కొట్టాడు! తర్వాత షూటౌట్‌లో ఓడిపోయారు. ఓడిపోయి, గ్రూపు గెలిచి, పాతికేళ్ల తర్వాత పై డివిజన్‌కి వెళ్లారు. ఓడిన మ్యాచ్‌కి సంబరాలు చేసుకున్న జట్టుని ఇంకెక్కడైనా చూశారా? ఆ మరుసటి ఏడాది స్లొవేకియాలోని కొషిత్సెలో వరసగా ఆరు మ్యాచ్‌లు ఓడి, ఏడోదాంట్లో ఫ్రాన్స్ మీద 0-3 నుంచి లేచి ఓవర్‌టైమ్‌లో గెలిచి నిలబడ్డారు. ఆ తర్వాత 2022లో కిందకి, 2023లో పైకి, 2024లో కిందకి, 2025లో మళ్లీ పైకి. లిఫ్టు కూడా మధ్యలో కాసేపు ఆగుతుంది, వీళ్లు ఆగరు. దీని కన్నా మించిన టెన్షన్ ఏ సీరియల్‌లో ఉంది?

దక్షిణ కొరియా గురించి ఎవరూ మాట్లాడరు. 2017లో కీవ్‌లో పైకి వచ్చింది, 2018లో ఏడు మ్యాచ్‌లకి ఏడూ ఓడి కిందకి దిగిపోయింది. దాన్ని కాపాడటానికి ఏ రూలూ రాలేదు.

రూలు అంటే గుర్తొచ్చింది. ఇది నాకు పాత మంట. బావగారి పుణ్యమా అని మళ్లీ రాజుకుంది.

2009, స్విట్జర్లాండ్. పట్టిక చూడండి: 14వ స్థానం ఆస్ట్రియా, 15వ స్థానం జర్మనీ, 16వ స్థానం హంగరీ. ఎవరు దిగాలి? చిన్నపిల్లాణ్ణి అడిగినా ఆఖరి ఇద్దరూ అంటాడు. దిగింది ఎవరు? హంగరీ, ఆస్ట్రియా! జర్మనీ మాత్రం కదల్లేదు. ఎందుకంటే 2010 టోర్నీకి ఆతిథ్యం జర్మనీదే కాబట్టి. పెళ్లి వాళ్లింట్లో కాబట్టి వాళ్లని పంక్తిలోంచి లేపకూడదట, అందుకని పక్కన బుద్ధిగా కూర్చున్నవాణ్ణి లేపారు. 15వ వాడు ఉన్నాడు, 14వ వాడు వెళ్లాడు. ఈ వాక్యం ఎన్నిసార్లు రాసినా నాకు కడుపు మండుతుంది.

రూల్‌బుక్‌లో ముందే ఉంది, అందరికీ తెలిసిందే అంటారు. ఉంటే? రాసిపెట్టుకుని చేస్తే అన్యాయం న్యాయమైపోతుందా?

దీనికి సమర్థన ఏమిటో కూడా నాకు తెలుసు. 2010 మేలో గెల్సెన్‌కిర్హెన్ ఫుట్‌బాల్ స్టేడియంలో మంచు పరిచి ప్రారంభ మ్యాచ్ పెట్టారు, 77,803 మంది వచ్చారు, జర్మనీ ఓవర్‌టైమ్‌లో అమెరికాని 2-1తో ఓడించింది, చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. "చూశారా, ఉంచినందుకు ఎంత బాగా ఆడారో!" అని. మరి ఆస్ట్రియాని ఉంచి ఉంటే ఎలా ఆడేదో ఎవరు చెప్తారు? కింద నుంచి మళ్లీ ఎక్కండి అన్నారు, ఎక్కారు, అడిగిన నాథుడు లేడు.

అసలు పెద్దవాళ్లకి కుర్చీ వేసే ఈ రోగం పుట్టుకతోనే ఉంది. 1920లో ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌లో జరిగినదాన్నే మొదటి చాంపియన్‌షిప్‌గా లెక్కిస్తారు. (అది గెలిచిన కెనడా జట్టు విన్నిపెగ్ ఫాల్కన్స్‌లో దాదాపు అందరూ ఐస్‌లాండ్ నుంచి వలస వెళ్లినవాళ్ల పిల్లలే. ఇవాళ ఆ ఐస్‌లాండ్ కింది డివిజన్లలో కుస్తీ పడుతోంది. దీని గురించి విడిగా ఒక పోస్ట్ రాయాలి, గుర్తు చేయండి.) ఒలింపిక్స్‌తో సంబంధం లేకుండా మొదటిసారి 1930లో పెట్టారు. అందులో మిగతా వాళ్లంతా కిందా మీదా పడి ఆడుతుంటే కెనడాని నేరుగా ఫైనల్‌లో కూర్చోబెట్టారు! ఫ్రాన్స్‌లోని షామొనీలో మంచు కరిగిపోతే సామాను సర్దుకుని బెర్లిన్ వెళ్లారు, అక్కడ జర్మనీ అలసిసొలసి ఫైనల్‌కి వస్తే, తాజాగా ఉన్న కెనడా 6-1తో గెలిచింది. అదే కెనడా 1970లో తమ ప్రొఫెషనల్స్‌ని ఆడనివ్వలేదని అలకపాన్పు ఎక్కి, తామే ఆతిథ్యం ఇవ్వాల్సిన టోర్నీని వదిలేసి, 1977 దాకా మొహం చూపించలేదు. సోవియట్ జట్టులో 'అమెచ్యూర్లు' (పేరుకి జీతం లేకుండా ఆడేవాళ్లు) అంటే జీతం తీసుకుని పొద్దస్తమానం హాకీ ఆడే సైనికాధికారులు కాబట్టి అలకలో న్యాయం ఉంది, కాదనను. కానీ ఏడేళ్లు రాకుండా వచ్చినా పై వరసలో కుర్చీ సిద్ధంగా ఉంది చూశారా, అదీ నా బాధ. మూడో డివిజన్‌లో ఒక జట్టు అలిగి ఏడేళ్లు రాకపోతే, తిరిగొచ్చాక దాని పేరు ఎలా పలకాలో కూడా ఎవరికీ తెలియదు.

ఇదంతా బావగారికి చెప్పే అవకాశం రాలేదు. 1949 దగ్గరే ఆయన లేచి వెళ్లిపోయారు. పోతూ పోతూ, "ఇంతకీ ఇప్పుడు ఎవరు గెలిచారు?" అన్నారు. చూస్తే మ్యాచ్ అయిపోయింది. రెండంకెల తేడాతో ఓడుతున్న ఆ జట్టు మూడో పీరియడ్‌లో ఒక గోల్ కొట్టిందట, ఒకే ఒక్కటి. బెంచ్ మీద ఉన్నవాళ్లంతా గోడ దూకి మంచు మీదకి వచ్చి మీద పడిపోయారట. ఈయనకి 58-0 కథ విప్పి చెప్తూ అది చూడలేకపోయాను.

రీప్లే వెతికాను. లేదు. ఉన్న ఆ ఒక్క కెమెరా అప్పుడు అటు తిరిగి ఉందట.

కింద కామెంట్లలో ఎవరైనా 77,803 అని రాస్తే బ్లాక్ చేస్తా. చుట్టాలైనా సరే.