సంఘపు పాత రిజిస్టర్లను బీరువాలో నుంచి బయటకు తీయండి

ఒంగోలు బాప్టిస్టు సంఘ చరిత్ర చెప్పమంటే మనలో చాలామంది 1878 జూలై 3 దగ్గరే ఆగిపోతారు. గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఆ ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారన్న మాట వింటూనే పెరిగాం. నేనూ దాన్ని గర్వంగానే చెప్పుకుంటాను. అయితే ఆ 2,222 మందిలో మీ ఇంటివారు ఎవరైనా ఉన్నారా, వారి పేరేమిటి, ఊరేది అని అడిగితే చెప్పగలిగిన కుటుంబాలు మనలో ఎన్ని?

1867 జనవరి 1న ఎనిమిదిమందితో మొదలైన సంఘం పన్నెండేళ్లు తిరగకుండా వేలకు పెరగడం వెనుక, యర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ పెద్దలు ఊరూరా కాలినడకన తిరిగి చెప్పిన సువార్త ఉంది. 1876–78 నాటి ధాత కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం మూడున్నర మైళ్ల మేర ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు కంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశారు. అన్నం కోసం మతంలో కలిశారన్న మాట పడకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలే ఆపేశారు. ఇవన్నీ మనకు తెలుస్తున్నాయంటే మిషనరీలు తమ దేశానికి ఉత్తరాలు, నివేదికలు రాశారు కనుక, అమెరికా బాప్టిస్టులు వాటిని నేటికీ అట్లాంటాలో భద్రంగా దాచుకున్నారు కనుక. ఆ కాగితాల్లో ఎక్కువగా కనిపించేది దొరల చూపు, దొరల లెక్క. మనవాళ్ల పేర్లు వరుసగా ఉండవలసింది మన గుడి బీరువాలో.

మా ఊరి సంఘంలో ఒక పాత వివాహాల రిజిస్టరు మిగిలింది. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం అడిగిన గడులన్నీ అందులో ఉన్నాయి: వధూవరుల పేర్లు, వయసు, వృత్తి, నివాసం, తండ్రి పేరు. మా తాత పెళ్లి నమోదైన చోట వృత్తి గడిలో ‘కూలి’ అని ఉంది. సంతకం ఉండవలసిన చోట ఎడమచేతి బొటనవేలి ముద్ర. సిరా కాస్త ఎక్కువై ఒక పక్కకు అలుక్కుపోయింది. అదే పుస్తకంలో చాలా పేజీల తరువాత మా నాన్న పెళ్లి దగ్గర గుండ్రని అక్షరాలతో పూర్తి సంతకం ఉంది. ఆ రెండు పేజీల నడుమ ఏం జరిగిందో నాకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

దానికంటే పాతదైన బాప్తిస్మపు రిజిస్టరు మాత్రం పోయింది. గుడికి సున్నం వేయించినప్పుడు బయటపెట్టిన సామానులో అది వానకు తడిసి ముద్దయితే చెత్తతో పాటు పారేశారట. పెళ్లిళ్ల నకళ్లు చట్టప్రకారం రిజిస్ట్రారుకూ వెళ్లాలి కనుక వాటికి ఇంకొక దారైనా ఉంది. బాప్తిస్మాలకు, సమాధులకు అదీ లేదు.

పుస్తకాలు దాచిపెట్టేవారి కారణాలు నాకు తెలుసు. సభ్యత్వపు జాబితా ఎవరి చేతిలో ఉంటే కమిటీ ఎన్నిక వారిదన్న భయం ఒకటి. దానికోసం ఒక ఊరి చరిత్రకు తాళం వేయడం అన్యాయమని సంఘ పెద్దల ముఖం మీదే చెబుతాను. రెండో భయం నిజమైనది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా లేదు, అందువల్ల బాప్తిస్మపు పుస్తకంలో పేరు బయటపడితే పిల్లల చదువు, ఉద్యోగం ఏమవుతాయోనని తల్లిదండ్రులు వణుకుతారు. వారిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అందుకే బతికి ఉన్నవారి వివరాలు ఆ కుటుంబానికి తప్ప ఎవరికీ చూపకూడదు. నూరేళ్లు దాటిన పేజీలకు ఆ అడ్డు పెట్టడం మాత్రం సరికాదు.

చేయవలసిన పనికి పెద్ద ఖర్చు లేదు. పగటి వెలుగులో, పుస్తకం వెన్ను విరగకుండా తెరిచి, ప్రతి పేజీనీ ఫోనుతో ఫోటో తీసి, ఆ ఫోటోలను మూడు వేర్వేరు చోట్ల ఉంచాలి. చిరిగిన చోట సెల్లో టేపు అంటించవద్దు, లామినేషన్ అసలే వద్దు. ఆ జిగురు కాగితాన్ని తినేస్తుంది. మా సంఘంలో మిగిలిన ఆ ఒక్క పుస్తకానికి, పాస్టరుగారి అనుమతితో, వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక నేనూ మా చెల్లీ ఈ పని మొదలుపెడుతున్నాం. చుట్టుపక్కల సంఘాలవారు పిలిస్తే అక్కడికీ వస్తాం.