హామీ పత్రం గారికి, హన్మకొండ నుంచి

మహారాజశ్రీ హామీ పత్రం గారికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. తమరు మేం పత్రికలకు పంపే కథల వెనకాల, గుండుసూది కింద క్షేమంగానే ఉంటారని తలుస్తాను.

శుభవార్త ఏమిటంటే నా మొదటి కథల పుస్తకం అచ్చయింది. పోయిన వారం హైదరాబాద్ నుంచి ఆర్టీసీ కార్గోలో దిగింది. కౌంటర్‌లోని తమ్ముడు అట్టపెట్టెను కాలితో ఇవతలికి తోసి "స్కూలు పుస్తకాలా సార్?" అన్నాడు. కథలన్నాను. "కథలైతే ఇంత బరువున్నయేంది?" అన్నాడు. నా సాహిత్యం మీద వచ్చిన తొలి సమీక్ష అదే.

సాయం చేసిన వాళ్లందరికీ లోపలి పేజీలో కృతజ్ఞతలు చెప్పాను. మీకు మాత్రం విడిగా చెప్పాలని ఆగాను. ఇన్నేళ్లలో నేను రాసిన వాటిలో సంపాదకులంతా తప్పకుండా చదివింది మిమ్మల్నే మరి. కథ చదివారో లేదో ఆ దేవుడికే ఎరుక. మీరు జతపడకపోతే మాత్రం వెంటనే ఫోన్ వచ్చేది.

"ఈ కథ నా స్వంతం, దేనికీ అనువాదం గానీ అనుకరణ గానీ కాదు, ఎక్కడా అచ్చు కాలేదు, మరే పత్రిక పరిశీలనలోనూ లేదు." నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతాను. మా పిల్లలు ఎక్కాలకంటే ముందు ఇదే నేర్చారు. ఈమధ్య మీకు కొత్త తోక మొలిచింది, ఏఐ సాయం తీసుకోలేదని కూడా రాయాలట. నా అక్షరదోషాలు చూశాక కూడా ఆ అనుమానం ఎలా వస్తుందో!

మన బమ్మెర పోతన గారు మీ చేతికి చిక్కి ఉంటే ఏమయ్యేదా అని ఒక్కోసారి దిగులేస్తుంది. భాగవతం సంస్కృతంలో వ్యాసుడిది. కాబట్టి "అనువాదం కాదు" దగ్గరే మొదటి దెబ్బ. పైగా పలికించేది రాముడు, పలికేది మాత్రమే నేను అని ఆయనే మొదట్లో రాసుకున్నాడు. "స్వంతం" కూడా గోవిందా. రాజులకే అంకితమివ్వనన్న మనిషి, మీ కింద సంతకం పెడతాడా? వేసేవారు ఒక కార్డు: స్వీకరించలేకపోతున్నాం, ఈ విషయమై ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదు.

స్వంతం విషయంలో నా సంగతీ అంతంతే లెండి. మూడో కథ చదివి మా ఆవిడ "ఇది మా పెద్దక్క ముచ్చటే గదా" అన్నది. చివరి కథలో ముసలమ్మ మాట్లాడేవన్నీ మా అత్తమ్మ మాటలు. ఆమెకు చదువు రాదు. పక్కన కూర్చుని చదివి వినిపిస్తే, చిక్కుడుకాయ ఈనె తీస్తూనే, "నేనన్నయే మళ్ల నాకు చెప్తున్నవేంది అల్లుడా?" అన్నది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఆ కథ మీద హక్కు నాది. నేను పోయాక కూడా 60 ఏళ్లు నా వారసులది. అత్తమ్మకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

"పరిశీలనలో లేదు" అన్న ఒక్క ముక్కకు మాత్రం నా జవానీ అంతా ధారపోశాను. ఒకరి పరిశీలన తెమిలేదాకా ఇంకొకరికి పంపకూడదు. వాళ్లదేమో తెమలదు. 2020 లాక్‌డౌన్‌లో వారపత్రికలు ఒక్కొక్కటే అచ్చు ఆపేశాయి, 2021లో విపుల, చతుర మాసపత్రికలు కూడా ఆగిపోయాయి. అలా ఆగిన ఒక పత్రిక దగ్గర (పేరెందుకు, పోయినవాళ్లను అనకూడదు) నా కథ పరిశీలనలోనే ఉండిపోయింది. పత్రిక పోతే హామీ కూడా తీరినట్టేనా? కోర్టులో ప్రాక్టీసు చేసే దోస్తును అడిగాను. చాయ్ అయిపోయేదాకా ఆలోచించి, "పాసుబుక్కు ఎవరి పేరు మీదున్నది?" అన్నాడు.

ఆవిష్కరణ సభ 1904లో మొదలైన రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయంలో పెట్టుకున్నాం. అంత పాత గ్రంథాలయంలో నా పుస్తకానికి కూడా నంబరు వేసి బీరువాలో పెడుతుంటే కళ్లు చెమర్చాయి. ఇది మాత్రం వెటకారం కాదు. వక్తలంతా పుస్తకం ఇంకా చదవాల్సి ఉందంటూనే అద్భుతమన్నారు. ఏ హామీ అడగకుండానే నమ్మాను.

ఇక అసలు విషయం. నిన్న ఒక పత్రిక నుంచి ఫోన్. ఎప్పుడో పంపిన కథను ప్రచురణకు తీసుకున్నారట. "ఎక్కడా అచ్చు కాలేదని ఇంకోసారి హామీ పంపండి సార్, పాతది కనబడతలేదు" అన్నది ఆ అమ్మాయి. ఆ కథ ఇప్పుడు పుస్తకంలో 61వ పేజీ. పాత హామీ రాసిన నాడు అందులో ప్రతి అక్షరం నిజం. కొత్తది రాస్తే అబద్ధం. కాబట్టి తమరు ఏ ఫైలు కింద నలుగుతున్నారో, దయచేసి పాత తేదీతోనే బయటికి వచ్చి ఆ అమ్మాయి కంటపడగలరు. సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పాలి. పైసలెంత ఇస్తరని మా ఆవిడ అప్పుడే రెండుసార్లు అడిగింది.

ఇట్లు,
తమ విధేయుడైన కథకుడు