డయల్‌కి రంగు వేయించకండి
పాత క్రోనోగ్రాఫ్ వాచీకి, అంటే స్టాప్‌వాచ్ కూడా ఉన్న చేతి గడియారానికి, డయల్ మళ్లీ రంగు వేయిస్తే విలువ పెరుగుతుందని ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో రాశారు, నేను మాత్రం అస్సలు ఒప్పుకోను. మా మేనమామ గల్ఫ్ నుంచి తెచ్చిన సీకో 6139 నా దగ్గరుంది. 1969లో వచ్చిన తొలి ఆటోమేటిక్ (చేతి కదలికకే కీ తిరిగే) క్రోనోగ్రాఫ్‌లలో ఈ మోడల్ ఒకటి, 1973లో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్‌కి వెళ్లిన వ్యోమగామి విలియం పోగ్ చేతికి ఉన్నది కూడా పసుపు డయల్ 6139యే. సర్వీసింగ్‌కి ఇస్తే రిపేరాయన నన్ను ఒక్క మాట అడక్కుండా డయల్‌కి రంగు కొట్టించేశాడు. భూతద్దం పెట్టి చూస్తే అక్షరాలు లావుగా అలుక్కుపోయాయి, ఆరు అంకె దగ్గరున్న 30 నిమిషాల చిన్న డయల్‌లో గీతలు ఒకదానికొకటి సరిపోవు, అడుగున ఉండాల్సిన సన్నటి కోడ్ నంబర్ అసలే లేదు. మిషన్ ఇప్పటికీ చక్కగా నడుస్తుంది, బటన్ నొక్కితే ముల్లు టక్కున సున్నాకి వస్తుంది, కానీ మామయ్య రోజూ చూసుకున్న ఆ వెలిసిన పసుపు ఇక రాదు కదా, అది తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది. సేకరించేవాళ్లెవరైనా ముందు చూసేది ఒరిజినల్ డయలే. సర్వీసింగ్‌కి ఇచ్చేటప్పుడు శుభ్రం చేసి ఆయిల్ వెయ్యండి చాలు, డయల్ ముట్టుకోవద్దని చీటీ మీద రాయించుకోండి.