కంటికి చిన్నగా కనిపించే చుక్క ఫోకస్ కాదు

“లెన్సు తిప్పుతూ చెక్క మీద పడే నీలి చుక్కను చూడండి. అది అతి చిన్నగా కనిపించినప్పుడు ఆపేయండి, అదే ఫోకస్. ఒకసారి పెడితే మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. గీత మసకగా వస్తే పవర్ పెంచండి. ఒక్క శాతం పవర్‌కు రక్షణ కళ్లద్దాలు కూడా అవసరం లేదు.” చెక్క మీద అక్షరాలు చెక్కే చిన్న లేజర్ మిషను ఇంట్లో పెట్టుకున్నవాళ్ల ఫోన్లలో చేతులు మారుతున్న వీడియోలోని మాటలివి. నాలుగు సలహాలూ తప్పే. అందులో చివరిది ప్రమాదకరం.

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గరి దుకాణాలకు చెక్క కీచైన్లు చేసిచ్చే కుర్రవాడు మొన్న నా దగ్గరికి వచ్చాడు. “అన్నా, మిషను పాడైందేమో చూడండి” అంటూ ఒక కీచైన్ చేతిలో పెట్టాడు. దాని మీద ‘శ్రీ వేంకటేశ్వర’ అని ఉండాలి. ‘వేం’ పక్కనున్న సున్న పూడిపోయి నల్లటి బొట్టయింది. ‘శ్వ’ కింది వత్తు ముద్దగా మారింది. అక్షరాల చుట్టూ గోధుమరంగు మసి. మన లిపి నిండా గుండ్రాలూ వత్తులే కాబట్టి, ఫోకస్ కాస్త తప్పినా ముందు చెడేది అవే. మిషనుకు ఏ జబ్బూ లేదు. అతడు ఆ వీడియో చెప్పినట్టే చేశాడు.

ముందు కళ్లద్దాల సంగతి. ఈ మిషన్లలో ఎక్కువ వాటిది దాదాపు 450 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న నీలి కాంతి. కంటి కటకం దాన్ని నేరుగా రెటీనా మీద కేంద్రీకరిస్తుంది. 5 వాట్ల మిషనులో ఒక్క శాతం అంటే సగటున 50 మిల్లీవాట్లు. అది కూడా సగటు లెక్కే. ఈ మిషన్లు సాధారణంగా కాంతిని వేగంగా ఆర్పుతూ వెలిగిస్తూ పవర్ తగ్గిస్తాయి, అంటే వెలిగిన ప్రతి క్షణం పూర్తి శక్తితోనే వెలుగుతాయి. కింద మెరిసే లోహపు పలక ఉంటే ఆ కాంతి తిరిగి మీ ముఖం మీదికే రావచ్చు. ఆ తరంగదైర్ఘ్యానికి సరిపోయే కళ్లద్దాలు లేకుండా చుక్కను చూడమని చెప్పడం ఎవరికీ తగదు.

మొదటి సలహా కూలిపోయేదీ ఇక్కడే. కళ్లద్దాలు పెట్టుకుంటే చుక్క సరిగా కనిపించదు. తీసేస్తే అది కళ్లను మిరుమిట్లు గొలిపి, ఉన్నదానికంటే పెద్దగా, అంచులు చెదిరినట్టు కనిపిస్తుంది. ఫోన్ కెమెరాతో చూసినా అంతే. పైగా ఈ మిషన్లలో ఉండే డయోడ్ లేజర్ చుక్క గుండ్రంగా ఉండదు, దీర్ఘచతురస్రంలా ఉంటుంది. అడ్డగీత సన్నగా వచ్చిన ఎత్తులో నిలువుగీత లావుగా రావచ్చు. ఆ తేడా కంటికి తెలియదు, చెక్కకు తెలుస్తుంది.

కాబట్టి కాంతి అతి సన్నగా పడే ఎత్తు ఏదో చెక్కనే అడగాలి. 20 సెంటీమీటర్ల చదునైన చెక్కముక్క తీసుకుని ఒక కొస కింద 10 మిల్లీమీటర్ల ఎత్తు పెట్టండి. పొడవు వెంట సెంటీమీటరు జరిగితే ఎత్తు అర మిల్లీమీటరు మారుతుంది. మిషనుతో వచ్చిన కొలత బిళ్లతో (లేజర్ తలకూ చెక్కకూ మధ్య ఉండాల్సిన దూరాన్ని చూపే ముక్క) సరిగ్గా మధ్యలో తల ఎత్తు సరిచేయండి. ఎత్తైన కొసకు లేజర్ తల తగలదని చూసుకున్నాక, గీత కనిపించేంత తక్కువ పవర్‌తో ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్క గీత గీయించండి. గీత లావుగా మొదలై సన్నబడి మళ్లీ లావవుతుంది. అతి సన్నని చోటును ఊహించకండి, అక్కడ తేడా చాలా తక్కువ. రెండు పక్కలా ఒకే లావున్న చోట్లు గుర్తుపెట్టి వాటి మధ్య బిందువు తీసుకోండి. చెక్కను అడ్డంగా తిప్పి మరోసారి చేసి, రెండు ఫలితాలకూ మధ్యస్థంగా ఎత్తు పెట్టండి. ఆ కుర్రవాడి చెక్క మీద ఈ బిందువు మధ్య నుంచి 3 సెంటీమీటర్లు పల్లం వైపు వచ్చింది. అంటే తలను 1.5 మిల్లీమీటర్లు పైకి జరపాలి.

పవర్ పెంచితే సరిపోతుందన్నది లెక్కకు నిలవదు. చుక్క వెడల్పు 0.1 మిల్లీమీటరు నుంచి 0.2 మిల్లీమీటర్లకు పెరిగితే వైశాల్యం నాలుగింతలై, తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. నాలుగింతల పవర్ ఇచ్చినా గీత లావుగానే ఉంటుంది, మసి మాత్రం పెరుగుతుంది.

ఇక ఒకసారి పెట్టి వదిలేయడం. చెక్క మందం మారితే ఎత్తు మారుతుంది. వానాకాలంలో 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వంపు తిరుగుతుంది కనుక నాలుగు మూలలా, మధ్యలోనూ కొలత బిళ్ల పెట్టి చూడాలి. లెన్సు మీద పొగ పేరుకున్నా గీత మసకబారుతుంది, అప్పుడు ఎత్తు మార్చకుండా ముందు లెన్సు తుడవాలి. కొయ్యడానికైతే ఫోకస్‌ను పైతలం మీద కాక మందం మధ్యకు దించాలి.

ఎత్తు సరిచేశాక అవే అక్షరాలను కొత్త ముక్క మీద పాత పవర్‌లో సగంతో మళ్లీ చెక్కించాం. ‘వేం’ సున్న మధ్యలో లేత చెక్క రంగు కనిపించింది.