పదిహేను శాతం తగ్గింపు

మొన్న పరగడుపున వేలు గుచ్చుకుని చూస్తే షుగర్ మిషన్ 168 అంది. అది నా స్థాయికి తగిన అంకె కాదు. మధ్యవేలు గుచ్చాను, 151. ఎడమచేతి ఉంగరం వేలు 142 ఇచ్చింది. డైరీలో అదే రాసుకున్నాను. మా ఆవిడ దీన్ని మోసం అంటుంది. నేను అప్పీలు అంటాను. చూపుడు వేలు కింది కోర్టు, ఉంగరం వేలు సుప్రీం.

శాస్త్రం కూడా నా పక్షమే. షుగర్ మిషన్లకి ఐఎస్ఓ 15197 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది, 2013 నాటిది. షుగర్ వంద, ఆపైన ఉంటే మీటర్ అంకె ల్యాబ్ లెక్కకి 15 శాతం అటూ ఇటూగా ఉండొచ్చు. వంద లోపైతే 15 పాయింట్లు. అంటే ల్యాబ్‌లో 200 ఉన్నవాడికి 170 చూపించినా, 230 చూపించినా అది నికార్సైన మిషనే. ఈ అటూ ఇటూలో నేను ‘ఇటు’ మాత్రమే వాడతాను. 168లో 15 శాతం కొట్టేస్తే 143. ఉంగరం వేలు అబద్ధం చెప్పలేదన్నమాట! పైగా ఈ నియమం 95 శాతం రీడింగులకే. మిగతా అయిదు శాతం ఇంకా దూరం పోవచ్చట. వాటిని పండగలకి దాచుకున్నాను.

వేసవిలో ఓసారి 312 వచ్చింది. ఇంట్లో అందరికీ టెన్షన్. బంగినపల్లి కోసిన చెయ్యి కడుక్కోకుండా గుచ్చుకున్నానని తర్వాత తేలింది (కోశానంతే, తినలేదు, ఇది ఆవిడ కోసం రాస్తున్నాను). సబ్బుతో కడిగి, తడి తుడుచుకుని చూస్తే 186. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎంత ఎక్కువ వచ్చినా నేరం మామిడిపండుదే, కార్తీకమాసంలో కూడా.

మిషన్‌లో పెట్టే స్ట్రిప్పుల డబ్బా మూత తీసి ఇడ్లీ కుక్కర్ పక్కన పెట్టేది నేనే. తేమ తగిలితే స్ట్రిప్పులు పాడవుతాయి కదా, రేపు ఆ సాకు అవసరం పడొచ్చు.

నిన్న డాక్టరుగారు నా డైరీ తిరగేసి, ఏమీ అనకుండా హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష రాశారు. అది సుమారు మూడు నెలల లెక్క ఒకేసారి తీస్తుంది, వేలు మార్చే వీల్లేదు. 8.4 శాతం వచ్చింది. సగటున 194 అవుతుందని నా 142 పక్కనే ఎర్ర పెన్నుతో రాశారు. నేను మామిడిపండు సంగతి ఎత్తబోతుంటే మా ఆవిడ అందుకుంది.

“డాక్టరుగారూ, ఆ పదిహేను శాతం ఇక మీదట కలిపి రాయమంటారా?”